ఓడిన నేలపై జయశాసన పఠనము

(మహదేవపూర్‌లో చేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు స్మారకోపన్యాస పాఠము)



కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి పేర ఒక యుపన్యాసము చేయవలెనని ఈ యూరి గ్రంథాలయ మిత్రులు నన్నడిగినప్పుడు, ఏ విషయమును గూర్చి మాటలాడవలెనో వేరుగ ఆలోచింపవలసిన పని లేకపోయినది. 1877 లో పెనుగంచిప్రోలున జన్మించి, అక్క భండారు అచ్చమాంబగారి యండను నాగపూరున విద్యాభ్యాసము గావించి, మునగాల సంస్థానమున దివానుగా నుండి, 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనమునకును, 1906 లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనమునకును నడుము గట్టి, 1923 లో నలువదియారేండ్ల ప్రాయముననే కీర్తిశేషుడైన ఆ మహనీయుడు 'హిందూ మహాయుగము' అను గ్రంథము వ్రాసి, మన ప్రాచీన రాజుల కథను కట్టుకథల పట్టునుండి విడిపించి, శిలలమీదికిని రాగిరేకులమీదికిని తెచ్చి తెలుగువారికి చూపెను. ఆయన పేరనే వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935 లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించిరి. ఆ సంపుటము పుటలు త్రిప్పుచు చరిత్రయందు రుచి మరగినవాడను గనుక, పంతులుగారి స్మృతికి నేను సమర్పింపదగినది శాసనపఠనమే యని తలచితిని.

చిన్ననాట బడిలో రాజుల పేర్లను, వారు గెలిచిన దేశముల పేర్లను వల్లెవేయుట మాకు నిత్యవిధిగ నుండెడిది. ఎవడు ఎవని నోడించెనో చెప్పినవాడు తెలివిగలవాడు. ఓడినవాడు పిదప ఏమయ్యెనని అడిగినవాడు లేడు, చెప్పినవాడును లేడు. పెక్కేండ్ల తరువాత ఆ జయశాసనములనే మరల చదువుకొనుచుండగా నాకొక సంగతి తోచినది. అవి గెలిచినవారి ముంగిట చెక్కబడినవి. మనమును గెలిచినవారి ముంగిటనే నిలిచి వానిని చదువుచున్నాము. హనుమకొండ వేయిస్తంభాల గుడియెదుట నిలిచి చదివినప్పుడు భేరీనాదమువలె వినిపించు శ్లోకము, ఇచ్చట, ఈ గోదావరి యొడ్డున, ఈ యడవుల నడుమ నిలిచి చదివినచో వేరొక స్వరమున వినిపించును; ఏలయన ఆ శ్లోకములలో ఓడినవారిలో ఈ ప్రాంతమువారున్నారు. నేడు ఒక్కమారు ఈ నేలపై నిలిచి ఆ జయములను చదువుదము.

శక సంవత్సరములు 1084 అగు చిత్రభాను సంవత్సర మాఘ శుద్ధ త్రయోదశినాడు, అనగా 1163 వ సంవత్సరము జనవరి 19 వ తేదీన, కాకతి రుద్రదేవుడు అనుమకొండలో శివ వాసుదేవ సూర్యులకు త్రికూటాలయము నెత్తించి శాసనము వేయించెను. అచింతేంద్రుడను పండితుడు దానిని రచించెను. కల్యాణి చాళుక్యుల కొలువున తరతరములుగ సామంతులై మసలిన వంశమొకటి తన కాళ్లపై తాను నిలిచితినని లోకమునకు చాటుకొన్న పత్రమది. అందు రుద్రదేవుడు తన విజయములకు ముందుగ తన తండ్రి రెండవ ప్రోలరాజు విజయములను ఎన్నించెను. ప్రోలరాజు చాళుక్య ప్రభువగు తైలపదేవుని యుద్ధములో పట్టుకొని, భక్తిచేతను అనురాగముచేతను విడిచిపెట్టెను. గోవిందరాజును పట్టి విడిచెను. మంత్రకూటాధిపతియగు గుండని తల గొరిగించి, రొమ్మున వరాహముద్ర వేయించెను. పెక్కుమంది మాండలికులను గూర్చుకొని అనుమకొండను ముట్టడించిన జగద్దేవుడు నిశ్చేష్టుడై తిరిగిపోయెను. ఇది యంతయు కొద్ది శ్లోకములలో, ఊపిరి సలుపనీయని వేగముతో సాగిపోవును.

ఈ వేగమున మన మొకచోట ఆగవలెను. మంత్రకూటమనగా మన మంథెనయే యని పలువురు పరిశోధకులు నిర్ణయించియున్నారు. ఈ యూరు మొన్నమొన్నటిదాక, అనగా 2016 లో జిల్లాలు విడదీయునంతవరకు, మంథెనతో కూడి ఒక్క జిల్లాలోనే యుండినది. మన పెండ్లిండ్లకును పేరంటములకును, వైద్యమునకును వ్యాజ్యమునకును మంథెనయే దిక్కు. ఆ మంథెన దొరను పట్టి, తల గొరిగి, కాకతీయుల రాజచిహ్నమైన వరాహమును అతని రొమ్మున గుర్తుగ వేసినారు. అది పశువులకు వాతలు వేయు రీతి. తైలపునకు భక్త్యనురాగములును గుండనికి క్షురకర్మయును, ఒకే కొలువులో, ఒకే ప్రభువు చేతులమీదుగ జరిగినవి. తైలపుడు చక్రవర్తి, అతని విడిచిపెట్టుట వలన ప్రోలరాజునకు మర్యాద పెరిగినది. గుండడు ఇరుగుపొరుగు దొర. అతని నవమానించుట వలన ఇరుగుపొరుగు దొరలందరును బెదరిరి. దయయును దండనయును రెండును రాజనీతి లెక్కల ప్రకారమే జరిగినవని నా యభిప్రాయము. ప్రోలరాజు మహావీరుడగుటను నేను కాదనను. ఆ మంగలికత్తిని మాత్రము ఏనాడును కీర్తింపజాలను.

మన ప్రాచీనులు ఈ భేదమెరుగనివారు కారు. కౌటిల్యుడు విజేతలను మూడు తెరగులుగ విభజించెను. ఓడినవాడు తలవంచిన చాలునని తృప్తినొందువాడు ధర్మవిజయి. భూమిని, ధనమును గైకొనువాడు లోభవిజయి. భూమిని, ధనమును, ఆలుబిడ్డలను, ప్రాణమును గూడ హరించువాడు అసురవిజయి. ఈ కొలత మన చరిత్రలో పుస్తకమునందే యుండిపోలేదు. నాలుగవ శతాబ్దిలో సముద్రగుప్తుడు దక్షిణాపథమునకు దండు నడపి, వేంగి హస్తివర్మను, కంచి విష్ణుగోపుని, మరియు పలువురు రాజులను పట్టి, మరల విడిచి, వారి రాజ్యములను వారికే యనుగ్రహించెనని అతని ప్రయాగ ప్రశస్తి చెప్పుచున్నది. అదే ప్రశస్తి ఆర్యావర్తరాజులను సమూలముగ పెరికివేసెననియు చెప్పుచున్నది. దూరపువారికి ధర్మవిజయము, దగ్గరివారికి ఉన్మూలనము! పదునారవ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి మొదలు కొండవీడు, కొండపల్లి దుర్గములను పట్టి సింహాచలముదాక సాగి, గజపతి కుమార్తెను పరిణయమాడి, కృష్ణకు ఉత్తరమున తాను గెలిచిన భూమిని గజపతికే మరల నిచ్చివేసెను. అంత దూరపు దేశమును నిలుపుకొనుట కష్టమని రాయలకు తెలియకపోలేదు. అయినను చేత చిక్కినదానిని విడుచుటకు గెలుచుటకంటె గొప్ప గుండె కావలెను.

మన గోదావరి తీరమునకు మరల వత్తము. ప్రోలరాజు తరువాత రుద్రదేవుడు చేసిన యుద్ధములలో ముఖ్యమైనది పొలవాస మేడరాజుతోడి యుద్ధము. పొలవాసయనగా జగిత్యాల చెంతనున్న నేటి పొలాస. కాకతీయులు దక్షిణమున అనుమకొండను నిలుపుకొన్నట్లే పొలవాస దొరలు ఉత్తరమున నిలిచిన చాళుక్య సామంతులు. ఇరువురును ఒకే కొలువువారు, ఒకే యెత్తువారు. వారిలో ఒక వంశము మహారాజవంశమై మరియొకటి శాసనములలో ఓడిన పేరుగ మిగులుట విధివిలాసము. ఇచ్చట మీకొక రాతిని చూపవలెను. హనుమకొండలోనే పద్మాక్షిగుట్టపై 1117 నాటి శాసనమొకటి గలదు. కాకతి ప్రోలరాజు మంత్రి బేతన పెగ్గడ భార్య మైలమ అచ్చట జైన బసది కట్టించినది. ఆ బసదికి భూదానము చేసినవారిలో మాధవవర్మ వంశజుడనని చెప్పుకొన్న ఉగ్రవాడి మేళరసుడున్నాడు. ఈతడు పొలవాస మేడరాజు వంశమువాడే. రుద్రదేవుడు మేడరాజును గెలిచితినని చెక్కించుటకు అర్ధశతాబ్దికి లోపుననే ఆ యింటివాడు ఆ యూరి గుట్టమీదనే కాకతీయుల మంత్రి భార్య కట్టించిన గుడికి ధర్మము చేసియున్నాడన్నమాట. శత్రువులని మనము చదువుకొన్నవారు ఒకనాడు ఒకే గుడికి దీపము పెట్టుకొన్న పొరుగువారు. జయశాసనము ఈ సంగతి చెప్పదు. ఓడినవాని రాయి చెప్పినది.

రాళ్లు చెప్పనిదానిని జనులు చెప్పుకొనుచున్నారు. మేడారము ఇచ్చటికి దూరము కాదు. పొలవాస మేడరాజు వేటకు పోగా పులుల నడుమ పసిబిడ్డ దొరికెననియు, ఆమెయే సమ్మక్కయై మేడారమేలు పగిడిద్దరాజును చేపట్టెననియు, కరవు వచ్చి కోయలు కప్పము కట్టలేని యేట ప్రతాపరుద్రుని సేనలు పైకి వచ్చెననియు, సంపెంగవాగు ఒడ్డున పగిడిద్దరాజును, కూతుళ్లు సారలమ్మయు, నాగులమ్మయు, అల్లుడు గోవిందరాజును నేలకొరిగిరనియు, ఆ వార్త విని కొడుకు జంపన్న ఆ వాగులో దూకెననియు, వెన్నున బల్లెపుపోటు తిన్న సమ్మక్క రక్తమోడుచు చిలకలగుట్టవైపు నడచి మరుగైపోగా ఒక పుట్టచెంత కుంకుమభరిణ మాత్రము కానవచ్చెననియు మన ముసలివారు చెప్పగా వినని బిడ్డ ఈ ప్రాంతమున లేదు. రుద్రదేవుని కాలపు మేడరాజును, అతని తరువాత నూటముప్పదియేండ్లకు రాజైన ప్రతాపరుద్రుడును ఒకే కథలో ఎట్లు కలిసిరని చరిత్ర చదివినవారు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణ కాలగణన విషయమున సరియే. కాని జనుల జ్ఞాపకము సంవత్సరముల వెంట నడువదు, గాయముల వెంట నడుచును. పొలవాసపై ఒక మారు, అడవిపై ఒక మారు, కప్పమునకై ఒక మారు, ఇట్లు పలుమారులు తగిలిన దెబ్బలన్నియు ఒక్క తల్లి వెన్నుపోటుగ నిలిచినవని నేను భావింతును.

రెండేండ్లకొకమారు మాఘపౌర్ణమికి కోయ వడ్డెలు సమ్మక్కను చిలకలగుట్టనుండి తోడ్కొని వచ్చి గద్దెకెక్కించునప్పుడు, తెలంగాణమునుండియే కాక ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రములనుండియు గోదావరి దాటి లక్షలకొలది జనులు వచ్చి, తమ బరువుకెత్తు బెల్లమును బంగారమని సమర్పించి మ్రొక్కుచున్నారు. కాకతీయుల జయస్తంభములకు మ్రొక్కువారు నేడు లేరు. వారితో పోరాడి పడినవారికి దేశమంతయు మ్రొక్కుచున్నది. దీనిని కాకతీయులకు అపకీర్తిగ నేను చెప్పుట లేదు. ఓడినవానికి గద్దె కట్టి కొలుచుకొను హృదయము కాకతీయ ప్రజలదే, మన పూర్వులదే యని చెప్పుచున్నాను.

ఇక గణపతిదేవుడు. రుద్రదేవుని తమ్ముడు మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున 1199 ప్రాంతమున ప్రాణములు విడిచెను. అతని కుమారుడు, యువకుడగు గణపతిదేవుడు, శత్రువుల చెరలో చిక్కెను. రాజు లేని రాజ్యమును రేచర్ల రుద్రుడు నిలిపెను. సామంతులు తిరుగబడిన వేళ, సింహాసనము చేతికందునంత దగ్గర నుండియు దాని నాసింపక స్వామికుమారునికై కాపాడిన యా సేనాని ఋణము తెలుగుజాతి తీర్చుకొనజాలదు. పాలంపేటలో 1213 లో రుద్రేశ్వరాలయము నెత్తించినవాడును, దానిప్రక్క సముద్రమువంటి చెరువును త్రవ్వించినవాడును ఆతడే. 2021 లో ప్రపంచ వారసత్వ సంపదగ లెక్కకెక్కిన ఆ రామప్పగుడిని చూడబోవు మన పిల్లలు శిల్పుల నేర్పును నీటిపై తేలు ఇటుకలను మాత్రమే చూచి రాక, దానిని కట్టించినవాని స్వామిభక్తిని గూడ స్మరింతురు గాక.

యాదవ జైతుగి గణపతిదేవుని చెరనుండి విడిపించి మరల ఆంధ్రరాజ్యమునకు ప్రభువును జేసెనని యాదవుల శాసనములు గర్వముతో చెప్పుకొన్నవి. ఒకప్పుడు ప్రోలరాజు తైలపుని విడిచిన కథ ఇట తారుమారైనది. చెరసాల యెట్టిదో, ఒకని దయపై బ్రతుకుట యెట్టిదో తన దేహమున ననుభవించి సింహాసనమెక్కిన ప్రభువు గణపతిదేవుడు. అరువది యేండ్లకు పైబడిన యతని పాలనలో నాకు కానవచ్చు విశేషమంతయు ఇందుండియే పుట్టినదని నా నమ్మకము. అతడు యుద్ధములు మానలేదు. 1201 నాటికే కృష్ణాతీరమునకు దండు నడిపెను. నెల్లూరిలో మనుమసిద్ధి పక్షమున కలుగజేసికొనెను. అతని మంత్రి సామంతభోజుడు 1249 లో కంచి ఏకామ్రనాథునికి దానశాసనము వేయించెను. కాని గెలిచిన పిదప అతడు చేసిన పనులు చూడుడు. దివిసీమ అయ్యవంశమువారిని గెలిచి, వారి సీమను వారికే విడిచి, ఆ యింటి ఆడపడుచులగు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు, బాలుడగు జాయపను కొలువునకు తెచ్చి పెంచి, గజసాహిణిగ నియమించెను. ఆ జాయపయే తరువాత 'నృత్తరత్నావళి' రచించినాడు. శత్రువు ఇంటి బిడ్డ నాట్యశాస్త్రకర్తయై తన్ను జయించినవాని కొలువునకు వెలుగు తెచ్చుట యొక యెత్తు, మంథెన గుండని రొమ్మున వరాహముద్ర యొక యెత్తు. రెండును కాకతీయులు సాధించిన జయములే. నడుమ గడచినది ఒక్క నూరేండ్లు.

ధరణికోటను గెలుచుటకును గణపతిదేవుడు పెండ్లిపీటనే వాడెను. కుమార్తె గణపాంబను కోట బేతరాజునకిచ్చెను. మరియొక కుమార్తె రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునకిచ్చెను. పెండ్లిండ్లలో రాజనీతి యున్నదని అందరును ఎరుగుదురు. అయినను కత్తితో కలిసిన రాజ్యము కత్తి తుప్పుపట్టగనే విడిపోవును. వియ్యముతో కలిసిన రాజ్యమునకు మనుమలు పుట్టుదురు.

1244 లో మోటుపల్లి రేవున అతడు వేయించిన అభయశాసనము సంగతి మీలో పలువురు ఎరిగినదే. అంతకు పూర్వపు రాజులు తుపానులో పగిలి తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును తమదిగ లాగుకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే తీపియైన మానవులు ఎంతో సాహసించి కడలి దాటి వచ్చుచున్నారని కనికరించి, నియమిత సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. దిక్కులేనివాని సొత్తుపై చేయి వేయనని రాజు శిలమీద మాట యిచ్చుట! చెరలో దిక్కులేక కూర్చున్న యువకుని జ్ఞాపకము ఆ శాసనము వెనుక కదలాడుచున్నట్లు నాకు తోచును. ఇది నా యూహయే కావచ్చును. ఆ యూహను విడుచుటకు నా మనసొప్పదు.

గణపతిదేవుని కాలముననే మన అడవులకు నీరు వచ్చినది. మన జిల్లాలోని గణపురమున గణపేశ్వరాలయమును, దాని చుట్టు కోటగుళ్లును, వాని చెంత గణపసముద్రమును, పాలంపేట చెరువును, లక్నవరమును, పాకాలను తలచికొనుడు. మహబూబాబాదు సీమలోని బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. ఒక వింత గమనింపుడు. కాకతీయుల వంశవృక్షమును వెన్ననృపుని మొదలుకొని వరుసగ తెలిపి, చరిత్రకారులకు దారి చూపినది ఏ కోటగుమ్మముననో వేయించిన శాసనము కాదు, ఒక యాడపడుచు చెరువుకై వేయించిన శాసనము. ఆ వంశపు తొలి రాజులగు గుండన గరుడబేతాదులలో ఎవడెవని కొడుకో నేడు మనకు తెలియుట ఆమె పుణ్యమే.

చెరువన్న నేమి? పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అని సప్తసంతానములలో దానిని మనవారు కొడుకు ప్రక్కన కూర్చుండబెట్టిరి. మన నేల మిట్టనుండి పల్లమునకు జారు నేల; గోదావరి ఎంత పెద్దదైనను ప్రక్కనున్న మిట్టపొలమునకు దాని నీరెక్కదు. అందుచే వాన చుక్క జారు దారిలోనే దానిని పట్టి నిలుపవలెను. రెండు గుట్టల నడుమ కట్ట వేసి, తూము పెట్టి, నిండినప్పుడు పొంగు నీరు మత్తడి దూకి క్రింది చెరువునకు పోవునట్లు అమర్చి, ఆ చెరువు నిండి దాని మత్తడి మరియొక చెరువునకు పారునట్లు, గొలుసుకట్టుగ సీమయంతయు అల్లిరి. కట్ట వేయించినవానికి దశబంధమని పదియవ పాలు భూమి మాన్యముగ నిచ్చిరి. పై యూరివాడు మత్తడిని ఎత్తుచేసినచో క్రింది యూరివాని మడి ఎండును. కాబట్టి గొలుసుకట్టు చెరువుల క్రింద బ్రతుకువారు ఒకరితో నొకరు మాట్లాడుకొనక తప్పదు. పొలవాస ప్రభువుల ఊళ్లును, కాకతీయుల ఊళ్లును, రేచర్లవారి ఊళ్లును ఒకే నీటిచాలులో పడినవి. మేడరాజును గెలుచుట ఒక్క ఋతువులో ముగిసినది. మేడరాజు నేలను తమ నేలగ చేసికొనుటకు మూడు తరముల చెరువులు పట్టినవి. నాకు ఈ రెండవ పనియే అసలు విజయముగ కనబడును. నీరటికాడు తూము కట్టె లేపునప్పుడు వచ్చు ధ్వనిని విన్నవారు నాతో నేకీభవింతురు.

రుద్రమదేవి కథ లోకవిదితము గనుక విస్తరింపను. మన విచారణకు పనికివచ్చు సంగతి యొక్కటి చెప్పెదను. యాదవ మహాదేవుడు ఓరుగల్లుపై దండెత్తెను. ఆ యుద్ధమును గూర్చి మనకు రెండు సాక్ష్యములున్నవి. మన ప్రతాపచరిత్ర, రాణి అతనిని దేవగిరిదాక తరిమి ధనము దండుకొనెనని చెప్పుచున్నది. యాదవుల మంత్రి హేమాద్రి వ్రాతలో, తమ రాజు స్త్రీవధకు వెనుదీసి రుద్రమను విడిచెనని యున్నది. బీదరు కోటలో దొరికిన తెలుగు శాసనఖండము మన పక్షమునకు బలము నిచ్చుచున్నది. ఓడి వచ్చినవాడు ఆడుదానిని దయదలచి విడిచితినని చెప్పుకొనుట ఎల్లకాలములందును కలదు. అయినను హేమాద్రిని తప్పుపట్టినంత సులువుగ మన అచింతేంద్రుని తప్పుపట్టగలమా యని నన్ను నేను ప్రశ్నించుకొందును. ఆ రాణి సింహాసనముపై వార్ధకము నొంది, 1289 నవంబరులో, చందుపట్ల శాసనము తెలుపునట్లు, తన సేనాని మల్లికార్జునునితో కూడ శివసాయుజ్యము నొందెను. తక్కిన రాజులలో ఎందరు ఆ వయసున కదనభూమికి చేరువగ నుండిరి?

ప్రతాపరుద్రుని కాలమునకు కథ తిరుగబడినది. 1310 లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరు చేసిన ముట్టడిని అమీర్ ఖుస్రో తన జయగ్రంథమున వర్ణించుచు మన మట్టికోట గట్టితనమును మెచ్చుకొనెను. శత్రువు మెప్పు ఊరక రాదు. 1323 లో ఉలుఘ్ ఖాను చేత ఓరుగల్లు కూలినది. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున దేహము చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలాస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ శాసనమును మీరు తప్పక చదువవలెను. మన చరిత్రలో ఓడినవారు, ఓటమిని దాచక, ఓటమి యెట్టిదో విప్పి చెప్పుకొన్న మహాశాసనమది. రాజు పోయిన పిమ్మట అగ్రహారములు పోయిన తీరును, గుళ్లు పాడుపడిన తీరును, పంట పండించినవాని ఫలము వానికి దక్కని తీరును, ధనికుడును పేదయు ఒక్కతీరున చితికిన తీరును అందు వినవచ్చును. దాని తరువాత కొద్ది యేండ్లకే ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును మరల తీసికొనుట మీరెరుగుదురు. విలాస శాసనము చదివిన ప్రతిసారియు నా కన్నులు చెమర్చును. ఆ చెమర్చిన కన్నులతోనే 1163 నాటి శ్లోకమునకు మరల పోయినప్పుడు, రొమ్మున ముద్రతో మంథెన వీథిలో నిలిచిన గుండడు కనబడును. అతనికి విలాస శాసనము వ్రాసిపెట్టినవాడు లేడు. అతని ఇల్లాలేమనుకొన్నదో, కాపులేమనుకొన్నారో ఏ రాతిమీదను లేదు. మన దుఃఖమును శాసనమెక్కించుకొన్న మనము అతని దుఃఖమును ఊహించుటకైనను బద్ధులము.

మరియొక సంగతి చెప్పి విరమించెదను. ప్రతాపరుద్రుని పేర వెలసిన ప్రతాపగిరి కోట ఈ మహదేవపూర్ అడవిలోనే యున్నది. ఈ మండలముననే ప్రాణహిత గోదావరిలో కలియు చోట, ఒకే పానవట్టముపై రెండు లింగములుగ కాళేశ్వర ముక్తేశ్వరులు వెలసియున్నారు. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయము'న త్రిలింగదేశమునకు పేరు తెచ్చిన లింగములను చెప్పవలసివచ్చినప్పుడు, దక్షిణమున శ్రీశైలమును, తూర్పున ద్రాక్షారామమును చెప్పి, మూడవదానిగ అనుమకొండను చెప్పలేదు, ఓరుగల్లును చెప్పలేదు, కాకతీయుల కులదైవమును చెప్పలేదు. కాళేశ్వరమును చెప్పినాడు. నూటయేబదియేండ్లకు పూర్వము ఓడిన సీమయని చెక్కబడిన నేలయే తెలుగుదేశమునకు పేరు పెట్టు ముగ్గురు దేవరలలో ఒకరి యిల్లయినది. ఉత్తరపు దిక్కున, అడవి కొనలో, రెండు నదుల నీరు రెండు రంగులుగ పారుచుండగా, ఆ గుడిగంట నేటికిని మ్రోగుచున్నది. రేపు తెల్లవారుజామున మీలో రాదలచినవారితో కూడి నేనచ్చటికి స్నానమునకు పోవుచున్నాను.